మా అత్తగారి రంగం ముత్యాలు

మొన్న మా మనవరాలు నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రి మెయిన్‌రోడ్డులో ఒక నగల కొట్టుకు తీసుకువెళ్ళింది. స్నేహితురాలి పెళ్ళికి వేసుకోవడానికి బంగారు రంగు ముత్యాల దండ కావాలట. కొట్టాయన నల్ల గుడ్డ మీద రెండు దండలు పక్కపక్కన పరిచాడు. రెండూ పసుపుపచ్చగా మిలమిలలాడుతున్నాయి. మా పిల్ల కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, సంతలో వంకాయలు పుచ్చులా అని అడిగినంత తేలిగ్గా, "ఈ రంగు పుట్టుకతో వచ్చిందాండి, వేసిందాండి?" అని అడిగేసింది. ఆయన నొచ్చుకుంటాడేమోనని నేను చూస్తే, ఆయన అంతకంటే తేలిగ్గా, "ఇది వేసిందేనమ్మా, అది పుట్టు రంగు, దానికి పరీక్ష చేసిన కార్డు కూడా ఇస్తాం" అన్నాడు. "అయితే వేసిందే ఇవ్వండి, ఒక్క పెళ్ళికి చాలు" అని ఇది కొనేసింది.

రూపాయి మిగిలితే పండగ చేసుకునే మనిషిని నేను. అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ కలిపి ముద్ద చేసి వాడేదాన్ని. అలాంటిదాన్ని మనవరాలు చవకైన దండ కొన్నందుకు సంతోషించాలి కదా. కాని నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. మా పిల్ల బీపీ అనుకుని మంచినీళ్ళు తెప్పించింది. నీళ్ళు తాగి, ఆ రంగేసిన దండను చేతిలోకి తీసుకుని, ఒక పూసను పక్కకు జరిపి, బెజ్జం దగ్గర రంగు ఎలా పేరుకుందో చూపించాను. కొట్టాయన ఆశ్చర్యపోయి, "ఎక్కడ నేర్చుకున్నారండీ మామ్మగారూ?" అని అడిగాడు. ఏదో నవ్వి ఊరుకున్నాను. ఆయనకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, మాట ముందూ వెనకా అయితే నా ఈడువాళ్ళు సర్దుకుని చదువుకోండి.

మా పుట్టిల్లు కాలవకు ఎగువన, అత్తవారిల్లు దిగువన. మధ్యలో రెండు లాకులు, ఒక పూట పడవ ప్రయాణం. ఇప్పుడైతే బండి మీద అరగంటలో పోయి వస్తున్నారు గాని, అప్పట్లో ఆ రెండు లాకులూ దాటి వచ్చిన పిల్ల మళ్ళీ అవి దాటాలంటే అత్తగారు తల ఊపాలి. ఆ ఇంట్లో మా అత్తగారూ మావయ్యగారూ, మా బావగారూ, నేను అక్కయ్యా అని పిలిచే మా తోడికోడలూ, మా ఆయనా. పెంకుటిల్లు, వెనక కొబ్బరితోట. ఆ తోట మా మావయ్యగారు కొన్నది. ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు.

మావయ్యగారికి తోట ఎలాంటిదో మా అత్తగారికి ఆవిడ ముత్యాల దండ అలాంటిది. ఆవిడ తండ్రి కుర్రతనంలో కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళారట. మా వైపు దాన్ని రంగం అనేవాళ్ళు. అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీగా చేసి, తిరిగి వస్తూ ఒక్కగానొక్క కూతురికి ఇరవై మూడు ముత్యాలు తెచ్చారట. అవి తెల్లవి కావు. చెట్టున పండబోయే మామిడికాయకు ఎండ తగిలిన వైపు వచ్చే రంగు చూశారా, అదీ. ఇరవై ఒకటి పట్టుదారానికి గుచ్చి ఉండేవి. తక్కిన రెండూ చిన్నవి, వాటిని బంగారు తీగతో కొక్కేనికే బిగించేశారు. ఆవిడ పేరంటానికి వెళితే తాంబూలం కన్నా ముందు ఆ దండ గురించి ఎవరో ఒకరు అడగాలి. అడిగితే ఆవిడ ఒక పూసను పంటి మీద రుద్ది చూపించేవారు. ఇసక తగిలినట్టు గరగరలాడితే ముత్యం, నున్నగా జారిపోతే గాజుపూస. మా వైపు ఆడవాళ్ళందరికీ తెలిసిన పరీక్ష ఇదొక్కటే, మేమంతా దాన్నే నమ్మాం. అది అబద్ధమూ కాదు. కాకపోతే పన్ను ముత్యమా కాదా అన్నది మాత్రమే చెబుతుంది. దాని రంగు పుట్టిందో పూసిందో పంటికేం తెలుస్తుంది?

నాకు ఆరో నెల. శ్రావణమాసం వస్తోందని, వ్రతానికి ముందు ఇంట్లో బంగారమంతా కుంకుడు రసంలో వేసి కడుగుతున్నాం. అప్పట్లో తలకైనా నగకైనా కుంకుడు రసమే. ఆ దండను మాత్రం అత్తగారు ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు, తానే తడిగుడ్డతో తుడిచి దాచుకునేవారు. ఆ ఏడు దారం నలిగి తెగేలా ఉంది. ఆవిడకు చూపు ఆనడం మానేసింది. నా వేళ్ళు సన్నవని, పువ్వులైనా పూసలైనా వరస తప్పకుండా గుచ్చుతానని నాకిచ్చి, కడిగి కొత్త దారానికి గుచ్చమన్నారు. కడగమన్నారు గాని ఎలా కడగాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ ఇంట్లో కోడలు అడిగిందంటే పుట్టింటివాళ్ళు ఏమీ నేర్పలేదని అర్థం.

పాత దారం కత్తిరించాను. పట్టుదారం కదా అని పారెయ్యకుండా నా దారాల డబ్బాలో వేసుకున్నాను. ముత్యాలను పలచటి గుడ్డలో మూటగట్టి, గాజులతో పాటు వేడి వేడి కుంకుడు రసంలో వేశాను, కొక్కెం కూడా అందులోనే. ఇంతలో మావయ్యగారి కోసం ఎవరో వచ్చారని కాఫీ పెట్టమన్నారు. కాఫీలయ్యాక పెసరట్లు. వచ్చి చూసేసరికి నీళ్ళు కందికట్టులా పచ్చగా ఉన్నాయి. పసుపు అనుకున్నాను. అవునా కాదా మీరే చెప్పండి, ఆ రోజుల్లో మెడకు పసుపు రాసుకోని ఆడది ఎక్కడుంది? నగల్లో పేరుకున్న పసుపు దిగిందనుకుని, వృథా ఎందుకని ఆ నీళ్ళు అరటిపాదులో పోసేశాను. తరువాత మూట విప్పాను.

పాలల్లో టీ చుక్కలు పడ్డట్టు ఉన్నాయి ముత్యాలు. తెల్లగా, పాలిపోయి, అక్కడక్కడ మరకలు మరకలుగా. కొక్కేనికున్న రెండు చిన్నవి మాత్రం ఎప్పటిలా మామిడిపండు రంగులోనే ఉన్నాయి. ఒకటి తీసి పైట చెంగుతో రుద్దాను, మరక పోలేదు. లోపల బిడ్డ కదిలింది.

మా అత్తగారు పళ్ళెంలో వాటిని చూశారు. ఒకటి తీసి పంటి మీద రుద్దారు. గరగరలాడింది.

"ముత్యాలే," అన్నారు. "నా ముత్యాలు కావు."

"అవేనండీ అత్తయ్యగారూ, కుంకుడు రసంలో..."

"కుంకుడు రసంలో వేస్తే ముత్యం వెలుస్తుందా? మరి కొక్కేనివి వెలవలేదేం? అవి ఊడలేదు కాబట్టి వాటిని వదిలేశావు. కదూ?"

నాకే తెలియదు కదా అవెందుకు వెలవలేదో. నా ట్రంకుపెట్టె నడవలోకి ఈడ్చి, చీరలన్నీ విప్పి దులిపి వెతికారు. మా అమ్మ పుట్టబోయే బిడ్డకని కుట్టి పంపిన బొంతల మడతలు కూడా విప్పారు. మా తోడికోడలు నా పక్కన కూర్చుని, "చెల్లీ, తీసుంటే ఇచ్చెయ్యమ్మా. ఎవరికీ చెప్పం" అంది. ప్రేమగానే అంది. అత్తగారి తిట్ల కన్నా ఆ ప్రేమే నన్ను ఎక్కువ కోసింది. అరుగు మీద పేపరు చదువుతున్న మావయ్యగారిని అత్తగారు పిలిస్తే, ఆయన పేపరు మడత మార్చుకుని, "ఆడాళ్ళ నగల గొడవల్లోకి నన్ను లాగకండి" అన్నారు. మా ఆయన తండ్రి ముందు నోరెత్తే మనిషి కాదు. మర్నాడు పొలం వెళ్ళబోతూ గుమ్మంలో నన్ను ఆపి, "నిజం చెప్పు, మీవాళ్ళకేమైనా అవసరం వచ్చిందా?" అని అడిగారు. ఆయనతో నలభై ఏళ్ళు కాపురం చేశాను. మంచి మనిషి. ఆ మాట మాత్రం నేను మరిచిపోలేదు, ఆయన పోయేదాకా ఆయనకు గుర్తు చేయనూ లేదు.

ఆ పూట నుంచి నాకు ఆ ఇంటి వెనక గోడే ఎల్ల. కాలవకు నీళ్ళకు వెళ్ళకూడదు, పక్కింటివాళ్ళతో మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు. ముత్యాలు బయటపడేదాకా పుట్టింటికి పంపేది లేదని అత్తగారు తేల్చి చెప్పేశారు. తొలిచూలు పిల్లకు ఆ మాట ఎలా ఉంటుందో నా ఈడు ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. పురుడంటే అమ్మ చేతిలోనే పోసుకోవాలి, వేరే దారి ఉంటుందని కూడా మనకు తెలియదు. అత్తవారి ఊరి మంత్రసాని చేతిలో ఆ ఏడే ఇద్దరు పోయారు. పగలు పని చేసేదాన్ని, పని లేనప్పుడు పొట్ట మీద చెయ్యి వేసుకుని రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

"నీ ముత్యాలు నువ్వే ఉంచుకో" అని అత్తగారు ఆ పళ్ళెం నా ముందు పడేశారు. మధ్యాహ్నాలు నా గదిలో కూర్చుని వాటినే చూసేదాన్ని. ఇంకేం చూడను? పెంకుల మధ్య వెలుతురు కోసం ఒక గాజుపెంకు ఉండేది. దానిలోంచి ఎండ చెంబంత వెడల్పున నేల మీద పడి, గదంతా మెల్లగా జరిగేది. నేనూ ముత్యాలు పట్టుకుని దాని వెంట జరిగేదాన్ని. ఆ ఎండలో ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంటే, పోగా మిగిలిన పచ్చదనం ఎక్కడ దాక్కుందో కనిపించింది. సన్నటి గుంటల్లో ఉంది, గీతల్లో ఉంది, అన్నిటికన్నా బెజ్జం చుట్టూ చిక్కగా, గోరింటాకు గోరు అంచున ఆగినట్టు ఆగి ఉంది. కొక్కేనివి అలా కాదు. వాటి రంగు ఎక్కడా ఆగలేదు, లోపలినుంచి వస్తున్నట్టుంది. పైగా ఆ రెండూ ఒకదానిలా ఒకటి లేవు. ఒకటి కాస్త ఎరుపు మీద, ఒకటి కాస్త ఆకుపచ్చ మీద. ఒకే కానుపులో పుట్టిన కవలలకైనా ఛాయ తేడా ఉంటుంది కదా. ఈ ఇరవై ఒక్కటేమో మొదట్లో ఒకే బానలో ముంచినట్టు ఉండేవని అప్పుడు గుర్తొచ్చింది. తేడా ఉందని తెలిసింది గాని, ఆ తేడాకు అర్థమేమిటో చెప్పేవాళ్ళు లేరు.

ఏడో నెలలో మా నాన్న పడవ మీద వచ్చారు, నన్ను తీసుకువెళ్ళడానికి. చలిమిడి బిందె, అరటిగెల, మా అమ్మ అల్లిన తాటాకుల బుట్ట. వంటింటి తలుపు చాటున నిలబడి విన్నాను.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయిని తీసుకెళ్ళడం తరవాత, ముందు నా ముత్యాలు తీసుకురండి" అన్నారు అత్తగారు.

మా నాన్న మెతక మనిషి. "మా ఇంట్లో ముత్యమంటే ఏంటో చూసినవాళ్ళు కూడా లేరమ్మా" అన్నారు. మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, చలిమిడి అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఆయన కాలవ గట్టు దాకా నడుస్తుంటే పెరటి గోడ మీదుగా తలపాగా ఒక్కటే కనిపించింది. పిలవలేదు. పిలిస్తే ఆయన వెనక్కి వస్తారు, వచ్చి ఇంకో నాలుగు మాటలు పడతారు.

ఇంకో పది రోజులకు పూసలమ్మే ముసలావిడ వచ్చింది. నెలకోసారి గంపతో మా ఊళ్ళు తిరిగేది. పూసలూ పిన్నులూ అమ్మేది, దండలు గుచ్చి పెట్టేది. అత్తగారే ఆవిడను పెరట్లోకి పిలిచి, పళ్ళెం తెప్పించి ముందు పెట్టారు. ఈ మాసిన ముత్యాలు ఏ ఊరి సరుకో ఆవిడ చేత చెప్పిస్తే, మావాళ్ళు ఎక్కడ మార్చారో తెలుస్తుందని అత్తగారి ఆశ. మా తోడికోడలు బట్టలుతకడానికి కాలవకు వెళ్ళింది. పెరట్లో ఉన్నది మేం ముగ్గురమే.

ముసలావిడ ఒకటి తీసి ఎండకు పెట్టి, బెజ్జంలోకి ఒంటి కన్నుతో చూసింది. ఇంకోటి చూసింది. "రంగేసిన సరుకండీ అమ్మగారూ" అంది.

"అదే నేనూ అంటున్నాను. మా చిన్నకోడలు తెచ్చి పెట్టింది."

ముసలావిడ నా వైపు చూసింది. నా పొట్ట వైపు చూసింది. "పాత దారం ఉందేంటమ్మా?" అంది.

దారాల డబ్బా తెచ్చాను. ఆ రోజు కడగకముందు కత్తిరించిన దారం, చీపురుపుల్లకు చుట్టి ఉంది. ముసలావిడ దాన్ని ఒళ్ళో పొడుగ్గా పరిచింది. నేనెన్నోసార్లు ఆ డబ్బా తీసినా ఆ దారాన్ని విప్పి చూడలేదు. పూసకూ పూసకూ మధ్య ముడి పడ్డచోట దారం చెమటకు నల్లబడింది. పూస కప్పిన చోట, లోపల, పచ్చగా ఉంది. ఇరవై ఒక్కచోట్ల.

"పసుపైతే పైన అంటాలండి, ఇది లోపల అంటింది. పూసలోంచి కారి దారానికి పట్టిందండీ. ఈ పూసలు ఈ దారానికి ఎన్నో ఏళ్ళబట్టీ ఉన్నాయి. చిన్నకోడలమ్మ కాపరానికి రాకముందు నించీ." అని కొక్కెం తీసి ఆ రెండింటినీ చూసింది. "ఇయ్యి మట్టుకు పుట్టు రంగేనండి. పుట్టు రంగు కుంకుళ్ళకీ పోదు, కన్నీళ్ళకీ పోదు." తరువాత దారం ముడిని గోటితో మీటి, "ఈ ముడి నాది కాదండీ. మొదట్లో నేను గుచ్చినప్పుడు రెండేసి ముళ్ళు వేశాను. ఇది ఒంటి ముడి. నా తరవాత దీన్ని గుచ్చించింది ఎవరండీ?" అంది.

నాకు ఇప్పటికీ మా అత్తగారి ముఖం కళ్ళముందు ఉంది. ముందు కోపం, తరువాత ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చూపు, ఆ తరువాత ఆ చూపు మెల్లగా దొడ్డిగుమ్మం దాటి కొబ్బరితోట మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. చాలా ఏళ్ళ క్రితం, కొక్కెం వదులైందని మావయ్యగారు ఆ దండను తానే రాజమండ్రి పట్టుకెళ్ళి, పది రోజులు అక్కడే ఉంచి బాగు చేయించి తెచ్చారట. తోట కొన్నది ఆ ఏడే. ఆవిడ తండ్రి రంగం నుంచి తెచ్చిన ముత్యాలు తోటగా మారిపోయాయి. వాటి చోట రంగేసినవి వచ్చి ఆవిడ మెడలో కూర్చున్నాయి. కొక్కేనివి రెండూ ఊడదీస్తే తెలిసిపోతుందని వదిలేశారు. ఇదంతా ఆవిడ నాతో ఒక్కసారిగా చెప్పలేదు. తరువాత ఏళ్ళలో, ఒకసారి ఒక ముక్క, ఒకసారి ఒక ముక్క. ఆ రోజు అన్నది ఒక్కటే.

"ఈ మాట ఈ పెరడు దాటకూడదు."

ముసలావిడ గంప సర్దుకుంటూ, "పూసలమ్ముకునేదాన్నండీ, ఇళ్ళల్లో సంగతులు నాకేం తెలుసండీ" అంది. నేను తల ఊపాను. ఊపకపోతే ఏం చెయ్యగలను? నేను నోరు తెరిస్తే మావయ్యగారు దొంగ అవుతారు. మూసుకుంటే నేనే దొంగని. మధ్యలో ఇంకో చోటు నాకు కనిపించలేదు.

ఆ చోటు ఆవిడ చూపించారు. ఆ పూట భోజనాల దగ్గర అందరూ ఉండగా, "ముత్యాలు అవే. ఈ పిల్ల తియ్యలేదు. బుద్ధి లేక వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి పాడుచేసింది. వాళ్ళ నాన్నకు కబురు పెట్టండి, పురిటికి తీసుకెళ్ళమని" అన్నారు. మావయ్యగారు కంచంలోంచి తలెత్తకుండా, "పోనీలే, చిన్నపిల్ల, తెలీక చేసింది" అన్నారు. ఆయన నన్ను క్షమించారు! నేను గరిటెతో ఆయనకు పప్పు వడ్డిస్తూ ఆ క్షమ పుచ్చుకున్నాను.

రెండు లాకులూ దాటి మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. కొడుకు పుట్టాడు, వాడే ఈ మనవరాలి తండ్రి. దొంగతనం పోయింది గాని, రంగం ముత్యాలు పాడుచేసిన కోడలన్న పేరు మాత్రం నాకు పచ్చబొట్టులా మిగిలిపోయింది. ఊళ్ళో ఎవరింట్లో పాలు విరిగినా నా పేరు చెప్పి నవ్వుకునేవారు. మా అమ్మక్కూడా నిజం చెప్పలేదు. మా నాన్నకు చెప్పివుంటే ఆ మజ్జిగ గ్లాసు ఆయన గొంతులోంచి దిగేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

బిడ్డనెత్తుకుని తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం అత్తగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. పళ్ళెంలో అవే ముత్యాలు. "మళ్ళీ పచ్చగా చెయ్యాలి. నేను మెళ్ళో వేసుకోవడం మానేస్తే, ఎందుకు మానేశానని ఆయన అనుకుంటారు" అన్నారు. భర్త చేసింది తనకు తెలిసిందని భర్తకు తెలియకూడదు. అదీ ఆవిడ బాధ. పూసల ముసలావిడ చెప్పిన ప్రకారం టీ డికాక్షను చిక్కగా కాచి, చల్లార్చి, ఆవిడ ఇచ్చిన ఏదో పొడి కలిపి, ముత్యాలను జాడీలో నానబెట్టి, ఊరగాయ జాడీల వెనక పెట్టాం. రోజూ పొద్దున్న నేను తీసి చూసేదాన్ని. మొదట రంగు చేరేది బెజ్జం అంచుకే. అక్కడ చిక్కబడ్డాక గాని మిగతా ఒంటికి పాకదు. నగల కొట్టాయన అడిగినదానికి జవాబు ఇదీ. రంగేసిన ముత్యాన్ని నేను గుర్తుపట్టగలను, ఎందుకంటే వేసినదాన్ని నేనే. ఆ తరువాత వెలిసినప్పుడల్లా, నాలుగు మాట్లు, ఆ జాడీ నా చేతి మీదే నడిచింది.

మొదటిసారి ఆ దండ మళ్ళీ వేసుకుని అత్తగారు ఒక పెళ్ళికి బయలుదేరుతుంటే, మావయ్యగారు అరుగు మీంచి చూశారు. ఒక్కసారి ఆవిడ మెడ వైపు, ఒక్కసారి నా వైపు. వెలిసిన రంగు తనంత తాను తిరిగి రాదని ఆయనకు మాత్రం తెలియదా? చెప్పులు తొడుక్కుని తోటలోకి వెళ్ళిపోయారు. ఆ తరువాత వాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళు ఒకే ఇంట్లో, ఒకరికి తెలిసిందని ఒకరికి తెలిసీ, ఉప్పెక్కువైందనీ ఎండెక్కువైందనీ మాట్లాడుకుంటూ బతికారు. ఎవరైనా ముత్యాలు చూడబోతే అత్తగారు ఇదివరకటిలాగే పంటి మీద రుద్ది చూపించేవారు. ఆ గరగర వినబడినప్పుడల్లా నేను వంటింట్లో ఏదో ఒక గిన్నె చప్పుడు చేసేదాన్ని.

మావయ్యగారు పోయిన పదకొండో రోజున ఆవిడ ఆ దండ తీసి, అందరి ముందూ నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉండాలి" అన్నారు. ఎందుకో నాకు తెలుసు. జాడీ సంగతి తెలిసిన చెయ్యి ఇంకోటి లేదు. మా తోడికోడలికి అదేం తెలుసు? పెద్దకోడలుండగా, పాడుచేసినదాని చేతిలో పెట్టారు. అక్కయ్య ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది, అంతే. పండగలకు రావడం తగ్గించింది, తరువాత మానేసింది. పెళ్ళిళ్ళలో కనబడితే "బాగున్నావా చెల్లీ" అని, సమాధానం వినకుండానే వెళ్ళిపోయేది. ఒకే పొయ్యి మీద వండిన వాళ్ళం మేం. నేను బిడ్డతో తిరిగి వచ్చిన రోజు వాడికి స్నానం పోసింది ఆవిడే. అత్తగారు బతికున్నంతకాలం చెప్పకూడదు, ఆవిడకు మాటిచ్చాను. ఆవిడ పోయాక, పోయిన మనుషుల పరువు తియ్యడానికి నోరు రాలేదు. అలా అలా వాయిదా పడింది.

రెండేళ్ళ క్రితం అక్కయ్యకు బాగాలేదని తెలిసి తునిలో వాళ్ళ అమ్మాయింటికి వెళ్ళాను. మంచం మీద ఎండిపోయి ఉంది. అయినా నన్ను గుర్తుపట్టింది. చెయ్యి పైకెత్తి నా మెడ తడిమి, "వేసుకురాలేదేం? నా దిష్టి తగులుతుందనా?" అంది. కళ్ళల్లో పాత పెంకితనం. నేను నవ్వేసి, ఈ వయసులో నాకెందుకక్కయ్యా అని, కమలాపండు వలిచి తొనలు చేతిలో పెట్టాను. సాయంత్రం బస్సుకు వచ్చేశాను. నెల తిరక్కుండా ఆవిడ పోయింది.

మా కాలంలో ఇళ్ళు పెద్దవి, మాటలు చిన్నవి. ఇప్పుడు పరీక్షకు మిషన్లున్నాయి, కార్డులున్నాయి. వాటికన్నా పెద్ద మార్పు, పిల్లలకు అడిగే నోరుంది, అవతలివాళ్ళకు అవునని చెప్పే తేలికతనం ఉంది. మాకు అది లేకపోయిందని ఎవరిని తప్పుపట్టను? అత్తగారు భర్తను కాపాడారు, నేను అత్తగారిని కాపాడాను, పోగొట్టుకున్నది ఏ పాపమూ తెలియని మనిషి. తుని నుంచి వస్తూ బస్సులో కూర్చుని మూడు గంటలసేపు ఒకటే మాట నాలో నేను కూడబలుక్కున్నాను. అప్పటికి ఆవిడ ఇంకా బతికే ఉంది, కావాలంటే దిగి వెనక్కి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఆ మాట పెద్దదేమీ కాదు. అక్కయ్యా, నీకు దక్కకుండా పోయింది ఏమీ లేదే, అవి నేను కాచిన టీ నీళ్ళు.